మర్నాటి జవాబులు

2024 జూన్ నెల. వైకల్య ధ్రువపత్రాల క్యాంపులో పనిచేయడం నాకు అది పదకొండో ఏడు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు జిల్లాల్లోనూ వంతులవారీగా కూర్చునేవాళ్లం. ఈ కేసు ఏ ఊరి క్యాంపులో జరిగిందో రాయను. మనుషుల పేర్లు కూడా వేరేవి పెట్టాను. అంకెలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను.

ముందు నా పని గురించి చెప్పాలి. నేను డాక్టర్ను కాను, సైకాలజిస్టునూ కాను. గోపాల్‌పేటలో పదో తరగతితో నా చదువు ఆగింది. శాతాలు, సగటులు, వర్గమూలాలు ఆ తర్వాత పాత పుస్తకాలు పెట్టుకుని సొంతంగా నేర్చుకున్నవే. లెక్క తప్పడనే ఒక్క పేరు మీద ఈ కాంట్రాక్టు ఉద్యోగంలో నిలబడ్డాను. క్యాంపుకు వచ్చినవాళ్లను సైకాలజిస్టు ప్రశ్నలు అడుగుతారు, బొమ్మలు చూపిస్తారు. పక్కన కూర్చుని నేను స్కోర్ షీట్ నింపుతాను. స్కోర్ షీట్ అంటే ప్రశ్నకొక గడి గీసి ఉన్న కాగితం. సరైన జవాబుకు ఒకటి, తప్పు జవాబుకు సున్నా. చివర మొత్తం కట్టి, పట్టికలో చూసి, శాతం వేసి పిన్ను కొడతాను. గడి ఖాళీగా ఉంటే మొత్తం రాదు, కంప్యూటర్ కూడా తీసుకోదు. అందుకని ఏ గడినీ ఖాళీగా వదిలేవాణ్ని కాదు. ఇది నాకు ఎవరూ నేర్పలేదు, చేతికి అలవాటైపోయింది.

జూన్ పదో తేదీ, సోమవారం. ఇటిక్యాల వైపు నుంచి రెండు బస్సులు మారి ఒక చేనేత కుటుంబం వచ్చింది. తండ్రి నర్సింహులు, తల్లి పద్మమ్మ, కూతురు శిరీష. శిరీషకు పద్దెనిమిది నిండి నాలుగు నెలలైంది. గది గుమ్మం దగ్గరే గోడవైపు తిరిగి నిలబడింది. చున్నీ చివర ఊడిన నూలుపోగుల్ని ఒక్కొక్కటే వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది.

తల్లి నా బల్ల మీద పాత సర్టిఫికెట్ పెట్టింది. వర్గం: మతిమాంద్యం. శాతం: 75. సంవత్సరం 2015. అప్పటికి మా ప్రాంతమంతా ఒకే జిల్లా, వర్గాలు కూడా తక్కువ. 2016లో కొత్త చట్టం వచ్చాక ఆటిజం వేరే వర్గమైంది. ఆటిజం అంటే మెదడు పుట్టుకతోనే వేరే తీరుగా పనిచేయడం. మాట, చూపు, కొత్త మనుషులతో మెలగడం, చప్పుళ్లను తట్టుకోవడం, వీటిలో ఆ తేడా కనిపిస్తుంది. తెలివి తక్కువ కావడం దానిలో భాగమేమీ కాదు. కొందరిలో రెండూ ఉంటాయి, కొందరిలో ఉండవు.

శిరీషకు ఏడాది చేనేత శిక్షణలో చేరాలని ఉందట. రెండేళ్లుగా ఇంట్లో తండ్రి మగ్గం మీద అంచు నాడె, అంటే అంచుకు అడ్డపోగు నడిపే చెక్కముక్క, తనే వేస్తోంది. మా వైపు చీరల్లో ఒళ్లు నూలు, అంచు పట్టు. అంచు నాడె వెయ్యడానికి నేతగాడి పక్కన ఇంకొకరు కూర్చుని చేతికి చెయ్యి అందించాలి. శిక్షణ ఇచ్చేవాళ్లు సర్టిఫికెట్ చూసి, మతిమాంద్యం ఉన్న పిల్లను యంత్రాల దగ్గర కూర్చోబెట్టలేమని చెప్పారు. వర్గం మారితే మళ్లీ రమ్మన్నారు. కాగితాలకు చివరి తేదీ జూన్ 28.

తండ్రికి ఇది ఇష్టం లేదు. ఆ మాట నాతో దాచుకోకుండానే చెప్పాడు.

"సారూ, ఉన్న కాగితం ఉండనియ్యిన్రి. తొమ్మిదేండ్లు తిరిగి ఊరందరికి గా పేరు చెప్పుకున్నం. ఇగ ఇప్పుడు ఇంకో పేరు తెస్తే మల్ల మొదటికెళ్లి చెప్పాలె. ఉన్నది పోయి కొత్తది రాకపోతే ఏంది గతి?"

ఆయన భయంలో లెక్క ఉంది. వర్గం మార్చాలంటే రీఅసెస్‌మెంట్, అంటే మొత్తం పరీక్ష మొదటినుంచి చెయ్యాలి. కొత్త పరీక్షలో పాత పేరే నిలిస్తే శిక్షణ మాట శాశ్వతంగా పోయినట్టే. శాతం నలభై కంటే తగ్గితే బస్సు పాసు దగ్గర్నుంచి అన్నీ పోతాయి.

నేను పాత ఫైలు తెరిపించాను. స్కోర్ షీట్ చూడగానే చెయ్యి ఆగింది. ఆ రాత నాదే. 2015లో ఒక బడి వరండాలో పెట్టిన క్యాంపు అది. జనం ఎక్కువ, సమయం తక్కువ. మొదటి పన్నెండు ప్రశ్నలు నేనే అడిగి రాసేవాణ్ని. తొమ్మిదేళ్ల శిరీషకు పన్నెండు గడుల్లో పదకొండు సున్నాలు వేశాను. పిలిస్తే తల తిప్పినందుకు ఒక ఒకటి. మొత్తం బాగా కట్టాను. కింద రెండు గీతలు కూడా గీశాను.

ఆ సున్నాలు తప్పు జవాబులకు వేసినవా, జవాబే రాని చోట వేసినవా అన్నది ఆ షీట్ చూసి ఎవరూ చెప్పలేరు. రాసిన నేనే చెప్పలేకపోయాను.

ఈసారి క్యాంపులో మా సైకాలజిస్టు నస్రీన్ మేడం. నాగర్‌కర్నూల్ నుంచి వచ్చేవారు. నెమ్మది మనిషి. తల్లిదండ్రుల్ని వరండాలో కూర్చోమని, తలుపు వేసి, శిరీషను పదిహేను ప్రశ్నలు అడిగారు. ఒక్కో ప్రశ్నకు నాలుగు నిమిషాల చొప్పున ఆగారు. గోడ గడియారం చూసి నేను నిమిషాలు రాసుకున్నాను. గంట గడిచింది. శిరీష ఒక్కసారి కూడా నోరు తెరవలేదు. చున్నీ పోగులు మాత్రం వేలికి చుట్టుకుంటూ, విడిపోతూ ఉన్నాయి.

"సున్నాలు వెయ్యనా మేడం?" అని అడిగాను.

"వద్దు. ఖాళీగా ఉంచండి."

"మొత్తం రాదు మేడం."

"రాకపోతే రాకపోనీ వెంకటయ్యా. ఆ పిల్ల ఏం తప్పు చెప్పిందని సున్నా వేస్తారు?"

పదకొండేళ్లలో నాకు ఆ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. షీటు మీద పదిహేను ఖాళీ గడులు ఉంచి ఫైలులో పెట్టాను. వాళ్లను ఇంటికి పంపారు. బయటికి వెళ్తూ నర్సింహులు భార్యతో, నేను చెప్పలేదా అన్నట్టు చేతులు తిప్పడం కిటికీలోంచి చూశాను.

మర్నాడు పదిన్నరకు ఆయన ఒక్కడే మళ్లీ వచ్చాడు. జేబులోంచి మడత పెట్టిన నోటుపుస్తకం కాగితం తీశాడు. ముఖంలో నిన్నటి విసుగు లేదు, ఏదో పరేషాన్ ఉంది.

పొద్దున తల్లి నూలు కండెలు చుడుతుంటే కూతురు ఎదురుగా కూర్చుని వరసగా ఏవో చెప్పిందట. నిన్న దవాఖానలో అడిగినవాటికి జవాబులు చెప్తోందని, రాసుకొమ్మని తల్లి కేకేసిందట. ఈయన మొదట నవ్వాడట, ఆమె ఊరుకోకపోతే పెన్ను అందుకున్నాడట.

"ఏం రాసిన్నో నాకే తెల్వదు సార్. మీరు ఏం అడిగిన్రో మాకు తెల్వదు గదా. జర చూడున్రి."

పదిహేను వరసలు ఉన్నాయి. నేను మేడం ప్రశ్నల కాగితం పక్కన పెట్టి ఒక్కొక్కటే సరిచూశాను. మొదటి ప్రశ్న గొడుగు బొమ్మ, మొదటి వరసలో గొడుగు. ఏడో ప్రశ్న, నీళ్ల కుండ మీద మూత ఎందుకు పెడతారు. ఏడో వరసలో: మూత లేకుంటే దుమ్ము పడతది, బల్లి గూడ పడతది. తొమ్మిదో ప్రశ్న, రైలుకూ బస్సుకూ పోలిక ఏమిటి. తొమ్మిదో వరస: తెల్వదు, రైలు ఎక్కలే. పన్నెండోది, నాలుగు, తొమ్మిది, రెండు, ఏడు అనే అంకెల్ని వెనకనుంచి చెప్పడం. ఏడు, రెండు, తొమ్మిది, నాలుగు.

చివరి వరస కూడా చివరి ప్రశ్నకు సరిపోయింది. తలుపు వేసిన గదిలో మేము ముగ్గురమే ఉన్నాం. ఇంట్లో ఎవరూ నేర్పి ఉండరు. నాకు నమ్మకం కోసం ఎప్పుడూ లెక్కే కావాలి. పదిహేను జవాబులు తెలిసి, వరస తెలియకపోతే వాటిని ఎన్ని విధాలుగా పేర్చవచ్చు? ఒకటి నుంచి పదిహేను దాకా గుణించుకుంటూ పోయాను. ఒక లక్షా ముప్పై వేల ఏడువందల అరవై ఏడు కోట్ల నలభై మూడు లక్షల అరవై ఎనిమిది వేల విధాలు. వాటిలో సరైన వరస ఒక్కటి. ఆ ఒక్కటి మూడు మడతలు పడి నర్సింహులు చొక్కా జేబులో వచ్చింది.

మేడం కాగితాన్ని రెండుసార్లు చదివారు. తల్లికి ఫోన్ చేయించారు. పద్మమ్మ అటునుంచి మామూలు సంగతి చెప్పినట్టే చెప్పింది.

"ఇంట్ల మేం తిన్నవా అంటే తిన్న అంటది మేడం, అప్పటికప్పుడే. కొత్తోళ్లు అడిగితే మాత్రం రేపు చెప్తది. బడిల గూడ గంతే. పరీక్షల ఖాళీ కాగితం ఇచ్చొచ్చి, తెల్లారి నాకు చెప్పేది."

ఈ సంగతి ఇన్నేళ్లు ఎవరికీ ఎందుకు చెప్పలేదని మేడం అడిగారు. ఎవరూ అడగలేదని, అయినా దవాఖానలో చెప్పని జవాబు ఇంట్లో చెబితే లెక్కకు వస్తుందని తనకు తెలియదని పద్మమ్మ అంది. బడిలో లెక్కకు రాలేదు కాబట్టి ఇక్కడా రాదనుకుందట.

కాగితం మీది జవాబుల్ని మేడం పరీక్షగా తీసుకోలేరు. జవాబు ఆమె ఎదుట చెప్పాలి. అందుకని ప్రశ్న ఒకరోజు, జవాబు మర్నాడు అని పెట్టుకున్నారు. పై అధికారికి ఉత్తరం రాసి అనుమతి తెచ్చుకున్నారు. పదిహేడున బక్రీదు, మేడం సెలవు. పద్దెనిమిదిన శిరీషను పిలిచి, తలుపు వేసి, ఇంకో పుస్తకంలోంచి ఇరవై కొత్త ప్రశ్నలు అడిగారు. ఈసారి జవాబు కోసం ఆగలేదు. అడగడం, ముందుకు పోవడం. ఆటిజం స్కేలు వేరుగా తల్లిని కూర్చోబెట్టి, అమ్మాయిని గమనించి నింపారు. నలభై అంశాలు, ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు మార్కులు. ఇవన్నీ అయ్యాక ఇరవై ఒకటో ప్రశ్న అడిగారు. అది ఏ పుస్తకంలోనూ లేదు.

"శిరీషా, నీ పాత కాగితంల మతిమాంద్యం అని ఉంది. నీది ఆటిజం అని నాకు అనిపిస్తుంది. కొత్త కాగితంల అది రాయొచ్చు. పాతదే ఉంచమన్నా నీ ఇష్టం. నీకు పద్దెనిమిది నిండినయి, నీ పేరు మీద వచ్చే కాగితం అది. ఏం రాయమంటవో రేపు చెప్పు."

ఆ రెండు పేర్లకూ అర్థం ఏమిటో అరగంట సేపు, వేరే వేరే మాటల్లో చెప్పారు. శిరీష గోడనే చూస్తూ విన్నది. విన్నదో లేదో కూడా నాకు తెలియదు.

పంతొమ్మిదిన పొద్దున ఏడుంబావుకు మేడం, నేను వాళ్లింటికి వెళ్లాం. ముందు గదంతా మగ్గమే. పద్మమ్మ రాట్నం ముందు కూర్చుని ఉంది. మమ్మల్ని తన వెనక కూర్చోబెట్టింది. ఎదురుగా కూర్చోవద్దని, ఏమీ అడగవద్దని, నవ్వవద్దని కూడా చెప్పింది. నర్సింహులు మగ్గం గుంటలో దిగి నేత మొదలుపెట్టాడు. శిరీష వచ్చి ఆయన కుడిపక్క కూర్చుని అంచు నాడె అందుకుంది.

పావుగంట ఏమీ లేదు. నాడెల చప్పుడు, రాట్నం చప్పుడు, అంతే. నర్సింహులు తల ఎత్తి, ఇయ్యాల చెప్పకపోతే ఎట్ల అన్నట్టు భార్య వైపు చూశాడు.

"నువ్వు నెయ్యి. నిన్ను పెండ్లిల అడిగిన మాటకు నువ్వింకా జవాబియ్యలే, అది తెల్లారెవరకన్న ఇస్తది" అంది పద్మమ్మ, రాట్నం ఆపకుండా.

నాడె ఇటునుంచి అటు పోయింది. శిరీష మాట మొదలుపెట్టింది.

గొంతు ఎత్తూ లేదు, తగ్గూ లేదు. మగ్గం వైపే చూస్తూ, నాడెకూ నాడెకూ మధ్య ఒక్కో జవాబు. మేడం దగ్గర ప్రశ్నలు, నా దగ్గర గడులు. ఒకటి. రెండు. మూడు. వరస తప్పలేదు. ఐదో జవాబు తప్పు, నేను అక్కడ సున్నా వేశాను. నా జీవితంలో అంత సంతోషంగా వేసిన సున్నా లేదు. అది ఒక మనిషి నిజంగా చెప్పిన తప్పు. పదకొండోదానికి తెల్వదు అంది. పద్నాలుగోది మేడం అడగడంలో తడబడి మధ్యలో మార్చారు. శిరీష దానికి రెండు జవాబులు చెప్పింది, ముందు అడిగినదానికొకటి, మార్చినదానికొకటి. మేడం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

పద్దెనిమిదోది కూడా తప్పు. ఇరవై అయ్యాయి. మొత్తం పదిహేడు. తెలివి కొలిచే ఆ పట్టికలో పదిహేడు అంటే మామూలు మనిషి.

నర్సింహులు నేత ఆపేశాడు. శిరీష అంచు నాడె చేతిలో పట్టుకుని ఆయన కోసం ఆగింది. ఆయన మళ్లీ కాళ్లు కదిపితే గాని ఆమె చివరి మాట చెప్పదని నాకు అర్థమైంది, పద్మమ్మకు ముందే అర్థమైంది. "నెయ్యి" అంది. ఆయన నేశాడు.

"పాతది నాది గాదు. కొత్తది రాయిన్రి. దాని కింద ఇంకోటి రాయిన్రి. అడిగినంక రేపటి దాంక ఆగాలె అని."

ఆ గదిలో నాకు కలిగినదాన్ని ఏమనాలో ఇప్పటికీ తెలియదు. చిన్నప్పుడు పుస్తకంలో ఒక లెక్క నెలరోజులు తేలక, ఒకనాడు దానంతట అది విడిపోతే వెన్నులో ఒక జలదరింపు వచ్చేది. అలాంటిదే, అంతకంటే పెద్దది. మేమందరం కలిసి ఆమెకు ఏ పేరు పెట్టాలా అని చూస్తున్నాం. ఆమె రాత్రికి రాత్రి ఆలోచించి, పేరు పెట్టాక ఎదుటివాడు ఏం చెయ్యాలో కూడా రాయమంది.

నర్సింహులు గుంటలోంచి పైకి రాలేదు. ఎవరినీ చూడకుండా, "ఊరోళ్లకు గిదే చెప్తే అయిపాయె గదా" అన్నాడు. "పేరు చెప్పుడెందుకు, రేపు రాన్రి అంటే సాలు."

సర్టిఫికెట్‌లో వర్గాన్ని ఇరవై ఒక్క పేర్ల జాబితాలోంచే ఎంచుకోవాలి. సొంతంగా ఒక్క మాట కూడా కలపలేం. ఆటిజం అని ఎంచాం. స్కేలు ప్రకారం శాతం నలభైకి పైనే వచ్చింది కాబట్టి వాళ్లకు ఉన్నదేదీ పోలేదు. శిరీష చెప్పిన వాక్యాన్ని మేడం తన రిపోర్టులో మొదటి పేరాగా రాశారు. డాక్టర్ల బోర్డులో ఒకాయన, ఇది వైద్య భాష కాదు కదా అన్నారట. పేషెంటు భాష అని మేడం అన్నారట. ఆ వాక్యం ఉండిపోయింది.

జూన్ 25న సర్టిఫికెట్ చేతికిచ్చాను. శిక్షణవాళ్లు ఇరవై ఏడున కాగితాలు తీసుకున్నారు. రిపోర్టు మొదటి పేరా చదివి, మాటల్లో అడగవలసినవి ఆరోజు అడిగి, జవాబులకు ఇరవై ఎనిమిదిన రమ్మన్నారు. సీటు ఇచ్చారు.

సర్టిఫికెట్ ఇచ్చిన రోజున నేను ఒక పని చేశాను. 2015 స్కోర్ షీట్ తీసి శిరీష ముందు పెట్టాను. ఈ పదకొండు సున్నాలు నేను వేశాను, నువ్వు తప్పు చెప్పినందుకు కాదు, గడి ఖాళీగా ఉండకూడదని వేశాను, నాది తప్పు అని చెప్పాను. నన్ను మన్నిస్తావా అని అడగలేదు. ఆ ప్రశ్న నా కోసమే అవుతుందనిపించింది. ఆమె కాగితం వైపు కొంతసేపు చూసింది. తల్లి వెంట బస్సుకు వెళ్లిపోయింది.

మర్నాడు పద్మమ్మ ఫోన్ చేసింది. కూతురు ఒక మాట చెప్పమందని, ఉన్నదున్నట్టు చెప్పమందని అంది.

"అప్పుడు గూడ నేను చెప్పిన. ఇంటికి పోయినంక తెల్లారి చెప్పిన. మీరు లేరు."

పద్మమ్మకూ అప్పుడు గుర్తొచ్చిందట. ఆ క్యాంపు మర్నాడు పిల్ల పొద్దంతా పిల్లి, చెప్పు, తాళం అంటూ ఏవో పేర్లు పలికిందని, జ్వరం వచ్చిందేమోనని నుదురు పట్టుకుని చూసుకున్నానని చెప్పింది. నేను అడిగిన బొమ్మల్లో మొదటి మూడూ అవే.

ఈ కేసు నాకు నేర్పింది ఒక్క ముక్కలో చెప్పాలంటే, కొలత తప్పినప్పుడు పేరు తప్పుతుంది, పేరును ఎన్నిసార్లు మార్చినా కొలత మారకపోతే మనిషికి ఒరిగేది లేదు. కానీ అంతటితో ఆగితే నా పని పూర్తికాదు. మేడంతో మాట్లాడి, అనుమతి తీసుకుని, నేను ఉద్యోగంలో చేరినప్పటినుంచి నా చేత్తో నింపిన షీట్లన్నీ తీయించాను. మొత్తం ఆరువందల పన్నెండు. వాటిలో వరసగా ఎనిమిది, అంతకు మించి సున్నాలున్నవి నలభై మూడు. అందరూ శిరీషలా ఉండరని నాకు తెలుసు. చాలామందికి పాత పేరే సరైనది కావచ్చు. అయినా ఆ సున్నాలు ఏ రకం సున్నాలో తెలుసుకోవలసింది నేనే.

ఆదివారాలు మేడం, నేను కలిసి ఆ ఇళ్లకు వెళ్తున్నాం. ఇంటివాళ్లను మొదట అడిగేది ఒక్కటే, మీ పిల్ల జవాబు ఎప్పుడు చెప్తది, ఎక్కడ చెప్తది అని. ఒక్కో ఇంటికి రెండు ఆదివారాలు పడుతున్నాయి. ఇప్పటికి ఇరవై ఆరు ఇళ్లు అయ్యాయి. నాలుగిళ్లలో రెండో ఆదివారం మేము వెళ్లేసరికి జవాబులు తయారుగా ఉన్నాయి.